వంద గ్రాముల్లో పేలాలెన్ని?

రిపోర్టు ఇచ్చేలోపల జరగాల్సిన పనులు ఇవి. చాక్లెట్ బిళ్లలను రాయిలా బిగుసుకునేదాకా ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీసిన వెంటనే, కరిగి ముద్దయ్యేలోపు, కల్వంలో దంచాలి. కొవ్వు ఎంత, చక్కెర ఎంత, మాంసకృత్తులు ఎన్ని, పీచు ఎంత అన్నది వంద గ్రాముల లెక్కన తేల్చాలి. మళ్లీ తేల్చాలి. మూడోసారి కూడా తేల్చి, మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయని సంతకం పెట్టాలి. నాన్న కళ్లజోడు కాడ అతికించుకు రావాలి. దంచిన పొడి ఎంత నోరూరించినా వేలితో నాకకూడదు. కిటికీ అవతల ఉండే ఆ కలిపేవాడి వైపు చూడకూడదు.

మొదటివాటిలో ఏదీ సవ్యంగా జరిగేలా లేదు. చివరిదైతే అసలే లేదు.

ఆమె పేలాలు కలిపిన చాక్లెట్ బిళ్లలు చేసే ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో కొత్తగా చేరింది. చేరిన రోజే క్యాంటీన్‌లో టీ పోసేవాణ్ణి “చెంచాకి చక్కెర ఎన్ని గ్రాములు?” అని అడిగింది. అతను చెంచా వంక, ఆమె వంక మార్చి మార్చి చూసి, “చెంచాకి చెంచాడండీ” అన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ మొత్తానికి ఆమె గ్రాముల మేడమ్ అయిపోయింది.

ఆమెకు కోపం రాలేదు. గ్రాములంటే ఆమెకు గౌరవం. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి ఆమె. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. కిలోమీటరు దూరంలో ఉన్న బోర్డు చదువుతాడు గాని, చేతిలో కాగితం చదవలేడు. అయినా ప్రతి చాయ్ కొట్టు దగ్గరా చెప్పేవాడు: “మా అమ్మాయి సంతకం పెడితేనే ఆ చాక్లెట్ బయటికొస్తుంది. లేకపోతే లోపలే ఉంటుంది, అంతే.”

నిజానికి ఆ సంతకం ఆమె ఇంకా ఒక్కసారి కూడా పెట్టలేదు. కొత్త రేపర్ వెనక వేసే పోషకాల పట్టిక ఆమె మొదటి రిపోర్టు. అది సరిగ్గా ఇస్తే ఉద్యోగం ఖాయం. ఇవ్వకపోతే, “అంకెలు రాని అమ్మాయికి ల్యాబ్ ఎందుకు?” అని పెద్దాయన అడుగుతాడు. పెద్దాయన అంటే ఫ్యాక్టరీ యజమాని. ఆయన మనసులో ఒకటి, బయట ఒకటి ఉండదు. రెండూ గట్టిగానే ఉంటాయి.

ఇక కలిపేవాడి సంగతి. కరిగిన చాక్లెట్‌లో పేలాలు పోసి కలపడం అతని పని. చేతిలో ఎప్పుడూ పొడుగాటి గరిటె ఉండేది కాబట్టి అతన్ని అందరూ గరిటె అనేవాళ్లు. గాజు సామాను ముట్టుకునేవాళ్లు కలిపే గదిలోకి అడుగు పెట్టకూడదని ఫ్యాక్టరీలో రూలు. పగిలిన గాజు ముక్క ఒక్కటి సరుకులో పడితే కొంపలంటుకుంటాయి. అందుకని ల్యాబ్‌కి, కలిపే గదికి మధ్య పగలని ప్లాస్టిక్ అద్దం, దాని కింద చిన్న తలుపున్న కంత ఉండేవి. రోజూ పొద్దున్నే ఆ కంతలోంచి స్టీలు డబ్బాలో శాంపిల్ పంపడం కూడా గరిటె పనే.

మొదటి రోజే గొడవ.

“మేడమ్, శాంపిల్.”

“తారీఖేది? బ్యాచ్ నంబరేది?”

“చాక్లెట్ మీదా?”

“డబ్బా మీద!”

“ఈ డబ్బా నాకు తెలుసు, నేను డబ్బాకి తెలుసు. మా మధ్య తారీఖులెందుకండీ?”

“రేపటి నుంచి తారీఖు లేకపోతే వెనక్కి పంపిస్తాను.”

“పంపండి, తినేస్తాం. అన్నట్టు, మీరూ ఒకటి తిని చూడండి. ముందు రుచి, తర్వాత లెక్క.”

“పరీక్ష చేసేది తినకూడదు.”

“తిననిదాని గురించి ఏం రాస్తారండీ?”

“తినేవాళ్లకి తెలియనిది రాస్తాను.”

గరిటె నెత్తి మీది వలటోపీ పైనుంచి తల గోక్కుని వెళ్లిపోయాడు. ఆమె గెలిచింది. గెలిచాక ఎందుకో అద్దం వైపు చూసింది. అతను కూడా చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి పనిలో పడ్డారు.

కొన్నాళ్లకు అతను కంతలోంచి తల వంచి అడిగాడు. “తినరు కదా, మరి మా చాక్లెట్‌లో మీకేం నచ్చుతుంది మేడమ్? ఏమీ నచ్చదా?”

ఆమె నిజం చెప్పే మనిషి. ఆలోచించి మరీ చెప్పింది. “దంచేటప్పుడు కరకరమంటుంది చూడండి, అది నచ్చుతుంది. ఆ చప్పుడు వింటే పని బాగా సాగుతుంది.”

“ఓహో” అన్నాడు గరిటె. అంతే అన్నాడు. కథంతా ఆ ఓహోలో ఉంది.

మొదటి పరీక్షలో చక్కెర సుమారు సగం వచ్చింది. చాక్లెట్ కదా, వస్తుంది. రెండోసారి బాగా తగ్గింది. కొవ్వు కూడా తగ్గింది. ఆమె తన తూకం మీద అనుమానపడి, తూకాన్ని సరిచూసుకుంది. తూకం బాగానే ఉంది. ద్రావకం మీద అనుమానపడి కొత్త సీసా తీసింది. మూడోసారి చక్కెర ఇంకా తగ్గింది, పిండి పదార్థం ఇంకా పెరిగింది.

“అక్కా, ఇలాగే పోతే వచ్చే వారానికి ఇది చాక్లెట్ కాదు, అన్నం అవుతుంది” అంది ప్యాకింగ్ అక్కతో. ప్యాకింగ్ అక్క రేపర్లు చుట్టే టేబుల్‌కి పెద్ద. ఫ్యాక్టరీలో ఎవరి మనసులో ఏముందో వాళ్లకంటే ముందు ఆవిడకి తెలుస్తుంది.

“తగ్గితే మంచిదేగా? జనం సంతోషిస్తారు.”

“ఒకే సరుకు మూడుసార్లు చూస్తే మూడూ ఒకేలా రావాలక్కా. రాలేదంటే నా చేతుల్లోనే తప్పుంది.”

“నీ చేతుల్లో తప్పుందో, చూపుల్లో తప్పుందో...” అని అక్క అద్దం వైపు చూసి కిసుక్కున నవ్వింది.

“అక్కా!”

“ఏం లేదమ్మా, నా మానాన నేను రేపర్ చుట్టుకుంటున్నా.”

ఆమె మాత్రం కుమిలిపోయింది. గాజు సామానంతా కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగింది. చదివిన పుస్తకాలు తిరగేసింది. మొహం వడిలిన వంకాయలా అయింది. కంత దగ్గర డబ్బా అందుకుంటున్నప్పుడు కూడా మాట్లాడటం మానేసింది. అద్దం అవతల గరిటె అది చూశాడు. మేడమ్ దిగులుగా ఉంది. మేడమ్‌కి నచ్చేదేమిటో తనకు తెలుసు. మర్నాటి డబ్బాలో పేలాలు ఇంకొంచెం పెరిగాయి. చక్కెర ఇంకొంచెం తగ్గింది. ఆమె దిగులు ఇంకాస్త ముదిరింది. అతని గరిటె పేలాల్లో ఇంకాస్త లోతుగా మునిగింది.

ఆపైన వానలు మొదలయ్యాయి. రేకుల కప్పు మీద వాన పడుతుంటే పక్కన మనిషి తుమ్మినా వినపడదు. ఆ వారం శాంపిల్ బిళ్లలు ముట్టుకుంటేనే విరిగిపోయేంత పేలాలమయం అయ్యాయి. ఆమె వాటిని దంచుతూ దంచుతూ ఒక క్షణం ఆగింది. చప్పుడు చాలా బాగుంది. అంత దిగుల్లోనూ ఆమెకు ఆ చప్పుడు నచ్చింది. అదే ఆమెకు ఇంకా ఏడుపు తెప్పించింది.

శనివారం పెద్దాయన కొత్త చాక్లెట్ డబ్బా ఒక్కోటి ఉద్యోగులందరి ఇళ్లకూ ఇచ్చాడు. రేపర్ ఇంకా రాలేదు కాబట్టి తెల్ల కాగితంలో చుట్టినవి.

నాన్న చేతులు కడుక్కుని, ప్రసాదం తీసుకున్నంత భక్తిగా ఒక బిళ్ల నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మళ్లీ నమిలాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకోసారి నమిలాడు.

“బాగుందమ్మా. మెత్తగా ఉంది.”

“మెత్తగానా?”

“కరకరమంటుందన్నావు కదా? బహుశా నా పళ్లు...”

“మీ పళ్లకేం, కర్ర విరవగలరు” అంది అమ్మ వంటింట్లోంచి.

ఆమె ఒక బిళ్ల తీసి కత్తితో రెండుగా కోసింది. లోపల పేలాలు ఉన్నాయి, కాని అక్కడక్కడా, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా విడివిడిగా ఉన్నాయి. ల్యాబ్‌కి వచ్చే బిళ్లల్లో అవి తిరునాళ్ల బస్సులో జనంలా ఉంటాయి.

అంటే తూకం తప్పు కాదు. ద్రావకం తప్పు కాదు. చేతులు తప్పు కాదు. ఎవరో ల్యాబ్‌కి ఒక చాక్లెట్, జనానికి ఒక చాక్లెట్ చేస్తున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. చక్కెర తక్కువని రేపర్ మీద వేసుకోవడానికి పన్నిన ఎత్తు ఇది! రేపు బయటపడితే ఆ అంకెల కింద ఉండేది ఎవరి సంతకం? ఆమెది.

సోమవారం పొద్దున్నే ఆమె రెండు బిళ్లలూ పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్లింది. వెనకే ప్యాకింగ్ అక్క, పిలవకపోయినా, తలుపు దగ్గర నిలబడింది. గరిటెను పిలిపించారు. అతను గరిటెతోనే వచ్చాడు.

“సార్, ఇది ఇంటికిచ్చింది. ఇది ల్యాబ్‌కిచ్చింది. చూడండి.” ఆమె రెండూ కోసి బల్ల మీద పెట్టింది. “నాకు వేరే చాక్లెట్ పంపించమని ఇతనికి ఎవరు చెప్పారు?”

పెద్దాయన ముక్కల వంక చూశాడు. మొహం ఎర్రబడింది. “నేనైతే చెప్పలేదు. ఒరేయ్, ఎవరు చెప్పార్రా నీకు?”

“ఎవరూ చెప్పలేదండీ.”

“మిషన్ మీద వచ్చినవేనా ఇవి?”

“కాదండీ. ఇవి విడిగా చేత్తో పోసినవండీ.”

“ఎందుకు పోశావు?”

గరిటె నేల చూపులు చూశాడు. బయట వాన పెద్దదైంది.

“చెప్పరా! పోటీ కంపెనీ వాళ్లేమైనా చెప్పారా?”

“అయ్యో, లేదండీ.”

“మరి నా మీద కోపమా?” అంది ఆమె. “తారీఖు వెయ్యమన్నందుకా?”

అతను చప్పున తలెత్తాడు. “కోపమా? మేడమ్, మీరే కదండీ కరకర నచ్చుతుందన్నారు.”

పెద్దాయన ఆమె వంక, అతని వంక మార్చి మార్చి చూశాడు.

“మీరు దంచే చప్పుడు నాకు వినపడుతుందండీ, కంతలోంచి. బాగా కరకరమంటే మీరు నవ్వుకుంటారు. మీకు తెలీదు, నవ్వుకుంటారు. అందుకని కొంచెం ఎక్కువ వేశాను. ఆ తర్వాత మీరు దిగులుగా ఉన్నారు. చాల్లేదేమో అనుకుని ఇంకొంచెం వేశాను. పోయిన వారం వాన చప్పుడుకి కల్వం చప్పుడు వినపడలేదు. తగ్గిందేమోనని...”

“ఇంకొంచెం వేశావు” అన్నాడు పెద్దాయన.

“ఇంకా చాలా వేశానండీ.”

తలుపు దగ్గర ప్యాకింగ్ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, “నలభై ఏళ్లుగా చాక్లెట్ చేస్తున్నాను. ఇలాంటి కల్తీ చూడలేదు” అన్నాడు.

ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. బుగ్గలు వేడెక్కాయి, కళ్లు నిండాయి, రెండూ ఒకేసారి అవుతుంటే మరింత కోపం వచ్చింది.

“మీకిది సరదా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇన్నాళ్లూ నాకు పని రాదేమో, ఆ డిగ్రీ నాకు పొరపాటున ఇచ్చారేమో అనుకున్నాను. మా నాన్న మొహం చూడలేకపోయాను. మీ పేలాల వల్ల!”

గరిటె మొహంలో రక్తం లేకుండా పోయింది. “తప్పయిపోయిందండీ” అన్నాడు. “మీ చప్పుడు విన్నాను గాని, మీ సంగతి అడగలేదు.”

ఆమె వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి శాంపిల్ ఆమే తీసుకుంది. కలిపే గదిలోకి కాదు, ప్యాకింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి, పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని, కళ్లు మూసుకుని ఏది చేతికొస్తే అది తీసుకుంది. ఆమె ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ, గరిటె తన గదిలో గరిటె కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు, తను దేన్నీ ముట్టుకోవడం లేదని తెలిసేలా.

“దించమనవే, పాపం చేతులు పీకుతాయి” అంది ప్యాకింగ్ అక్క.

“నేనెత్తమన్నానా?”

“దించమనీ అనలేదుగా?”

పరీక్షలు అయ్యాయి. మూడుసార్లు. మూడూ ఒకదాని పక్కన ఒకటి కవల పిల్లల్లా వచ్చాయి. ఆమె ఆ అంకెల వంక చాలాసేపు చూసింది. తన చేతులను చూసుకుంది. మర్నాడు ప్యాకింగ్ టేబుల్ దగ్గర బిళ్లలు తీసుకుంటూ అద్దం వైపు చూసి, చెయ్యి కిందికి ఊపింది. గరిటె చేతులు దించి, భుజాలు నొక్కుకుంటూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాని నవ్వకుండా ఉండటానికి కష్టపడింది.

పెద్దాయనకు మాత్రం ఆ అంకెలు రుచించలేదు. “సగానికి సగం చక్కెరా? పీచు చూస్తే ఉందా లేదా అన్నట్టుంది. అమ్మాయ్, ఆ మధ్య వచ్చిన అంకెలే బాగున్నాయి. అవి వేసేద్దాం. నువ్వు కొలిచినవేగా?”

ఇదే ఆమె భయపడిన క్షణం. సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే నాన్న చాయ్ కొట్ల దగ్గర ఏం చెప్పుకుంటాడు?

“కొలిచాను సార్. కాని అవి వేరే చాక్లెట్‌వి. ఇంట్లో పిల్లలకిచ్చేవాళ్లు, చక్కెర జబ్బున్నవాళ్లు ఆ చిన్న అక్షరాలు నమ్మే కొంటారు. లేనిది ఉందని నేను రాయలేను.” ఆమె కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. “ఆ అంకెలు కావాలంటే ఆ చాక్లెట్ చెయ్యండి సార్. సంతకం పెడతాను.”

పెద్దాయన కళ్లు చిన్నవి చేశాడు. సొరుగు తెరిచి, ఆ రోజు కోసిన ల్యాబ్ బిళ్లలో మిగిలిన ముక్క తీశాడు. దాన్ని దాచిపెట్టినట్టు ఎవరికీ చెప్పలేదు. నోట్లో వేసుకున్నాడు. కరకర. ఆ చప్పుడు బయట వరండా దాకా వినపడింది.

“గరిటెను పిలవండ్రా!”

అతను వచ్చాడు, ఈసారి గరిటె లేకుండా.

“ఇలాంటిది మిషన్ మీద వస్తుందా?”

“ఇన్ని పేలాలైతే గొట్టం మూతి పట్టేస్తుందండీ. మూతి వెడల్పు చేసి, దీనికంటే కొంచెం తగ్గిస్తే వస్తుంది.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఎప్పుడూ అడగలేదండీ. మేడమ్...” అతను ఆగాడు. “మేడమ్ కూడా అడగలేదనుకోండి.”

గొట్టం మూతి వెడల్పయింది. మొదటి రోజు చాక్లెట్ గోడకు కొట్టింది. రెండో రోజు పెద్దాయన చొక్కాకు కొట్టింది. ఆ తర్వాత కుదిరింది. ఆమె మళ్లీ టేబుల్ దగ్గర కళ్లు మూసుకుని బిళ్లలు ఏరింది, మళ్లీ దంచింది. చక్కెర పాతదాని కంటే తగ్గింది, అయితే పెద్దాయన ఆశపడినంత కాదు. పీచు ఒక మెట్టు ఎక్కింది. “ఇది చాక్లెట్ సార్, మందు కాదు” అని చెప్పి, ఉన్నది ఉన్నట్టు రాసి, కింద సంతకం పెట్టింది. పెద్దాయన ఆ కాగితం మీద తన సంతకం పక్కకు జరిపి పెట్టాడు, ఆమెది బాగా కనపడాలని.

ఆ మధ్యాహ్నం కంత తలుపు చప్పుడైంది. స్టీలు డబ్బా. మీద తారీఖు, బ్యాచ్ నంబరు, చేసిన గంట, కలిపినవాడి పేరు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. లోపల ఒకే ఒక బిళ్ల.

“ఇది శాంపిల్ కాదండీ” అంది అవతలి గొంతు. “పరీక్ష చెయ్యొద్దు. తినండి.”

ఆమె తలుపు మూసి, బయటికొచ్చి, చెట్టు కింద నిలబడి తింది. ల్యాబ్‌లో ఏదీ తినకూడదని రూలు కదా. సన్నగా జల్లు పడుతోంది. తిని, లోపలికొచ్చి, కంత దగ్గర వంగింది.

“ఎలా ఉంది మేడమ్?”

“ఒక షరతు.”

“చెప్పండి.”

“ఇంకెప్పుడూ నాకు తెలియకుండా ఏదీ ఎక్కువ చెయ్యకు.”

‘చెయ్యకు’ అన్న మాట అతని దాకా చేరడానికి కాస్త సమయం పట్టింది. చేరాక టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“నీకు తెలిసేలా ఎక్కువ చేస్తే?”

“అది మా నాన్నని అడగాలి” అని తలుపు వేసేసింది. అద్దం అవతల గరిటె కింద పడిన చప్పుడు వినపడింది.

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త రేపర్ ఉన్న డబ్బాతో వాళ్లింటికి వెళ్లాడు. నాన్న అతికించిన కళ్లజోడు పెట్టుకుని, రేపర్ వెనక్కి తిప్పి, అంకెలన్నీ కూడబలుక్కుని చదివాడు. బిళ్ల నోట్లో వేసుకున్నాడు. వంటింట్లోంచి అమ్మ, “వినపడిందండోయ్!” అంది.

నాన్న గంభీరంగా అతని వైపు తిరిగాడు. “అబ్బాయ్, వంద గ్రాములకి ఇందులో చక్కెర ఎంత?”

గరిటెకు చెమట పట్టింది. కలిపేది తనే, చదివేది మాత్రం ఆమె. అంకె గుర్తు రాలేదు. ఆమె వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యకుండా గోడ వైపు చూసింది.

“మీ అమ్మాయి రాసినంతేనండీ” అన్నాడు. “అంతకు ఒక్క పలుకు ఎక్కువుండదు, తక్కువుండదు.”

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇదిగో,” అని భార్యను కేకేశాడు, “అల్లుడికి టీ పెట్టు. చక్కెర ఎన్ని గ్రాములో అమ్మాయిని అడుగు.”

మీరెప్పుడైనా పేలాలున్న చాక్లెట్ కొంటే, నోట్లో వేసుకునేముందు ఒక్కసారి రేపర్ వెనక్కి తిప్పండి. అక్కడి చిన్న అక్షరాల్లో చక్కెర ఉంటుంది, కొవ్వు ఉంటుంది, పీచు ఉంటుంది, ఎవరి పేరూ ఉండదు. మంచి అంకె ఎదురుగా ఉన్నా, ఉద్యోగం పోతుందని తెలిసినా, నిజమైన అంకెనే రాసిన ఆ గ్రాముల మేడమ్‌ను అక్కడ ఒక్క క్షణం తలుచుకోండి. కరకరమన్నప్పుడు గరిటెను తలుచుకోకపోయినా ఫరవాలేదు. ఆ సంగతి ఆవిడ చూసుకుంటుంది.